వైజాగ్, అరకు దాటి సిక్కోలు పల్లెల్లో నెమ్మదిగా తిరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఉత్తరాంధ్ర అంటే ఇన్నాళ్లూ మాకు వైజాగ్ బీచ్, బొర్రా గుహలు, అరకు, అంతే. పోయిన శీతాకాలం లంబసింగి వెళ్తే ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరి ఆగిపోయాయి. వంజంగి కొండ మీద తెల్లారేసరికి నిలబడడానికి చోటు లేదు. అమ్మ కారు దిగకుండానే వెనక్కి వచ్చేసింది.

ఈసారి డిసెంబరులో అమ్మానాన్నలను తీసుకుని శ్రీకాకుళం వైపు వద్దామనుకుంటున్నాం. అరసవల్లి దర్శనం చేసుకున్నాం గానీ అక్కడి నుంచి ఇంకో అడుగు ముందుకు వేయలేదు. నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. హడావిడి లేకుండా ఓ చెట్టు కింద గంటసేపు కూర్చోగలిగే ఊళ్లు కావాలి. ఎక్కడ దిగాలి, కారా బస్సా, ఏ వరసలో తిరగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సిక్కోలు చిన్నోడు:
గోదారి గట్టు గారూ, తప్పకుండా రండి. మాది జలుమూరు మండలం. ఉద్యోగం హైదరాబాదులో, మనసు ఇక్కడే.

ఊళ్ల లిస్టు పెట్టుకోకండి, ఏరును పట్టుకోండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, దాని దిగువన శ్రీముఖలింగం, ఇంకా కిందికి వస్తే శాలిహుండం, ఆఖర్న కళింగపట్నం. ఈ ఒక్క ఏటి ఒడ్డున రాజధాని ఉంది, బౌద్ధారామం ఉంది, రేవు ఉంది. రోజుకొక చోటు చాలు. బస శ్రీకాకుళంలో గానీ నరసన్నపేటలో గానీ పెట్టుకోండి. రెండూ హైవేకి దగ్గర, లాడ్జీలు దొరుకుతాయి, మందుల షాపులుంటాయి.

ముఖలింగం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఏమనుకోకండి. తూర్పు గాంగుల పాత రాజధాని కళింగనగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. తర్వాత ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగ 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కు, మార్చాడు. పూరీ జగన్నాథ ఆలయం కట్టడం మొదలుపెట్టింది ఆయనే. పూరీకి లక్షల మంది వెళ్తారు, ఆ రాజుల సొంతూరికి శివరాత్రి తప్పిస్తే పెద్దగా ఎవరూ రారు.

ఊళ్లోకి వెళ్తుంటే ముందు సోమేశ్వరాలయం కనిపిస్తుంది. చిన్న గుడి, నిలువెత్తు శిఖరం. చాలామంది కారు ఆపకుండా పెద్ద గుడికి వెళ్లిపోతారు. మీరు ఇక్కడ దిగండి. ద్వారబంధం కింది భాగంలో గంగ, యమున ఉంటారు, చూడండి. గోడల మీద శిల్పాలు పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడే బాగా తెలుస్తాయి, మధ్యాహ్నం అన్నీ ఒక్కలాగే ఉంటాయి. తర్వాత మధుకేశ్వరాలయం. ఇప్పచెట్టులో స్వామి వెలిశాడని మా వాళ్ల నమ్మకం. గర్భగుడిలో లింగం వెనకాల ఓ పెద్ద మట్టి గోలెం ఉంటుంది. సంతానం కలిగితే గోలెం సమర్పిస్తానని ఓ కుమ్మరి మొక్కుకున్నాడట. తీరా తెస్తే అది గుమ్మంలో పట్టలేదు. బాధపడి బయటే వదిలేసి వెళ్లాడు, తెల్లారేసరికి లోపల ఉందట. ఈ కథ పూజారి గారిచేత చెప్పించుకోండి, ఆయన చెప్తే ఇంకా బాగుంటుంది.

రైలుబండి:
కారు వద్దనను గానీ ఒక్క రోజు రైలుకు ఇవ్వండి. విశాఖ నుంచి గుణుపూరు వెళ్లే ప్యాసింజరు ఉంది. నౌపడ దాకా మెయిన్ లైన్లో వచ్చి అక్కడ లోపలికి తిరుగుతుంది. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. 1900లో మొదలైన పర్లాకిమిడి లైట్ రైల్వే ఇదే. చిన్న బండి 2004 దాకా నడిచింది, తర్వాత బ్రాడ్‌గేజ్ వేశారు. దారంతా చేలు, చెరువులు, తాటిచెట్లు, దూరంగా కొండల వరస. ఎక్కేవాళ్లంతా సంతకూ కాలేజీకీ ఆసుపత్రికీ వెళ్లేవాళ్లే. మాటలు కలపడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది, 1936లో ఆ రాష్ట్రంలో కలిసింది. బజారులో మాత్రం తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. గజపతుల రాజభవనాన్ని బయట నుంచైనా చూడండి. రైలు టైములు మారుతుంటాయి, తిరుగు బండి సంగతి ముందు రోజే చూసుకోండి.

పాత పుస్తకం:
నాన్నగారు తెలుగు మాస్టారు అన్నారు కాబట్టి ఈ దారిలో ఆయన కోసమే ఒక తీగ ఉంది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది 1863 ఆగస్టు 29న, ముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేటలో. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూనే ముఖలింగం గుడిలో ఉన్న శాసనాలను ఎవరూ నేర్పకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు, నిఘంటువు కూర్చారు. శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక 1936లో ఆ ఊరు విడిచి మీ రాజమండ్రికి వచ్చేశారు.

అంటే ముఖలింగం, పర్లాకిమిడి, శాలిహుండం మూడూ ఆయన నడిచిన చోట్లే. ఇవి ఒకే ప్రయాణంలో కలుస్తాయని మాస్టారు గారికి బయలుదేరే ముందే చెప్పండి. శాసనాల రాళ్ల దగ్గర ఆయనను తొందరపెట్టకండి.

గోదారి గట్టు:
పాత పుస్తకం గారూ, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. పంతులు గారి ఆఖరి ఏళ్లు మా ఊళ్లో గడిచాయని తెలుసు గానీ శాలిహుండం సంగతి ఆయనకూ తెలియదట. మళ్లీ ఒకసారి చదవమన్నారు. డైరీలో ఊళ్ల పేర్లు రాసుకున్నారు. ముఖలింగం ఖాయం. అమ్మ అడుగుతోంది, దగ్గర్లో చేనేత ఏమైనా ఉందా అని.

నూలుపోగు:
అమ్మగారికి పొందూరు చూపించండి. హౌరా చెన్నై లైన్లోనే స్టేషను ఉంది, శ్రీకాకుళం నుంచి బస్సులూ ఉంటాయి.

పొందూరు ఖద్దరు గొప్పతనం బట్టలో కంటే దాని వెనకున్న పనిలో ఉంది. ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేతిలో పట్టేంత ఎముక, దానికి సూదుల్లాంటి సన్నని పళ్లు. వాటి మీదుగా పత్తిని లాగితే నలుసూ ఆకు ముక్కా రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం. ఏకులు చుట్టి దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. వాటిని రాట్నం మీద వడికితే నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని నూలు, వస్తుంది. వడికేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లు. కళ్లద్దాలు సర్దుకుంటూ వాళ్లు పోగు లాగే తీరు చూస్తే ఆ పంచె ధర ఎందుకంతో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఖద్దరు గురించి విని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను చూసి రమ్మని పంపారు.

రెండు మాటలు. ఇళ్లలోకి వెళ్లేటప్పుడు అడిగి వెళ్లండి, ఫొటో కూడా అడిగే తీయండి. కొనేది ఖాదీ సంఘం దగ్గర కొనండి. పొందూరు పేరు చెప్పి మిల్లు గుడ్డ అమ్మే కొట్లు బయట చాలా ఉన్నాయి. బేరం మాత్రం ఆడకండి, దయచేసి. వడికేవాళ్లకు దక్కే కూలి తక్కువ. కొత్తవాళ్లు ఈ పనిలోకి రావడం లేదు.

పాలపిట్ట:
డిసెంబరు అంటున్నారు కాబట్టి తేలినీలాపురం వదలొద్దు. టెక్కలి దగ్గర, నౌపడ వైపు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు నుంచి వచ్చి గూళ్లు పెడతాయి, మార్చి దాకా ఉంటాయి. ఇక్కడ విశేషం ఏంటంటే పక్షులు అడవిలో కాదు, ఊళ్లోనే ఉంటాయి. ఇళ్ల పక్క చింతచెట్ల మీద, రాకపోకలు సాగుతున్న రోడ్డు పైన. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటాం అంటారు ఊరివాళ్లు. పక్షులు రాని ఏడు పంటలు సరిగా ఉండవని వాళ్ల నమ్మకం. అందుకే ఎవరూ రాయి విసరరు.

పొద్దున్నే వెళ్లండి. తల్లి పక్షులు చిత్తడి నేలల నుంచి చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెట్టడం కింద నుంచే కనిపిస్తుంది. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. డ్రోన్ ఎగరేయకండి, గూళ్లలో పిల్లలు బెదిరి కింద పడతాయి. వచ్చే దారిలో నౌపడ ఉప్పు మడులు కూడా చూడొచ్చు, కానీ ఉప్పు తీసే పని ఎండాకాలంలోనే జోరు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది, నత్తగుల్ల కొంగల ఊరు. అవి వానాకాలంలో వస్తాయి, మీరొచ్చేసరికి వెళ్లిపోయి ఉంటాయి.

మౌనప్రయాణి:
అందరూ ప్రేమతోనే రాస్తున్నారు, కాదనను. కానీ ఒక మాట అడగాలి. ఇలా పేర్లు, దారులు, టైములతో సహా పెట్టడం అవసరమా? వంజంగిని ఒకప్పుడు చుట్టుపక్కల వాళ్లకే తెలిసిన కొండగా నేను చూశాను. రెండు శీతాకాలాల్లో ప్లాస్టిక్ కుప్పలు, రాత్రంతా స్పీకర్లు. లంబసింగి సంగతి ఈ చర్చ మొదలుపెట్టినవాళ్లే రాశారు. ముఖలింగానికీ, తేలినీలాపురానికీ అదే గతి పట్టాలా? కొన్ని ఊళ్లను చెప్పకుండా ఉంచడమే వాటికి మేలు చేయడం అని నా అభిప్రాయం.

సిక్కోలు చిన్నోడు:
మౌనప్రయాణి గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోను.

మా ఊరికి ఎవరూ రాకపోవడం వల్ల మాకు దక్కింది ప్రశాంతత కాదు. సగం ఇళ్లకు తాళాలు. మా పెద్దనాన్న కొడుకులు, వాళ్ల పిల్లలు, అంతా చెన్నై, విశాఖ, హైదరాబాదు. కట్టుబడి పనుల్లో సిక్కోలు కూలీ లేని మహానగరం లేదు. గుడి ముందు టీ కొట్టు ఆవిడ పొద్దున పెట్టిన వడలు సాయంత్రానికీ మిగిలిపోతాయి. అలాంటి చోటికి వారానికి నాలుగు కుటుంబాలు వచ్చి, భోంచేసి, ఆటో ఎక్కి, బుడితి నుంచి ఓ ఇత్తడి చెంబు కొనుక్కెళ్తే ఊరు పాడవదు, ఓ పిల్లాడు ఊళ్లో ఉండడానికి కారణం దొరుకుతుంది.

ఊరిని పాడుచేసేది ఊరి పేరు తెలియడం కాదు. అందరూ ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే ఫొటో కోసం రావడం. మబ్బుల కొండకు తెల్లవారుజామునే వెళ్లాలి, అందుకే అక్కడ జనం కిక్కిరిసిపోతారు. గుడికి, ఏటి ఒడ్డుకు, మగ్గం దగ్గరికి ఏ వేళైనా వెళ్లొచ్చు. అసలు ఇంత పొడుగు చర్చ చదివి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు రాత్రి స్పీకర్లు పెట్టరు.

మౌనప్రయాణి:
బుడితి చెంబు మాట నచ్చింది. పక్షుల ఊరి విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. గూళ్ల కాలంలో జనం పెరిగితే పక్షులు చోటు మార్చుకుంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లు లొకేషన్ పెట్టి రీల్స్ చేయకుండా ఉంటే చాలు.

పాలపిట్ట:
ఆ ఒక్క మాటకు నా పూర్తి మద్దతు.

ఉద్దానం బిడ్డ:
ఇక్కడి దాకా చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. అందరూ టెక్కలి దగ్గర ఆగిపోయారు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కన ఉన్నది మా ఉద్దానం. మా పేరు పేపర్లో రెండు సందర్భాల్లోనే వస్తుంది, కిడ్నీ జబ్బు, తిత్లీ తుపాను. రెండూ నిజమే. మా ఇంట్లోనూ ఆ జబ్బుతో పోయినవాళ్లున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిన రాత్రి మా నాన్న నాటిన కొబ్బరిచెట్లు ఒక్కటి కూడా మిగల్లేదు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్లు మా ఊళ్లకు వచ్చాయి. పైన ఏరు గురించి మాట్లాడుకుంటున్నారు కదా, ఆ ఏరే ఇప్పుడు మేం తాగే నీరు.

కానీ మేం అంతే కాదు. కొబ్బరి తోటలు మళ్లీ లేచాయి. కింద జీడి, పనస, మధ్యలో ఇసుక బాట, చివర సముద్రం. బారువ రండి. పాత రేవు, లైట్‌హౌస్, మహేంద్రతనయ ఏరు సముద్రంలో కలిసే చోటు, అన్నీ పక్కపక్కనే. శీతాకాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. కాశీబుగ్గలో జీడి పరిశ్రమలు ఉన్నాయి. పిక్క కొట్టే ఆడవాళ్ల చేతులు ఒకసారి చూడండి. జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది, అందుకే చేతికి నూనె రాసుకుని కూర్చుంటారు. గుండు పప్పు డబ్బా కొనేటప్పుడు ఆ చేతులు గుర్తుంచుకుంటే చాలు. మందసలో ఆగి వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తినండి.

జబ్బు గురించి మా వాళ్లను గుచ్చిగుచ్చి అడగొద్దు. ఇంట్లో మనిషి డయాలసిస్‌లో ఉంటే ఆ ప్రశ్నకు ఎన్నిసార్లని జవాబు చెప్తారు? పంట గురించి అడగండి, చేపల వేట గురించి అడగండి, బోలెడు మాట్లాడతారు.

గోదారి గట్టు:
ఉద్దానం బిడ్డ గారూ, మీ పోస్టు అమ్మ చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బారువ కూడా కలుపుతున్నాం. జాగ్రత్తగా వస్తాం.

ఇప్పుడు సౌకర్యాల సంగతి. అమ్మకు షుగర్ ఉంది, భోజనం టైముకు పడాలి. శాలిహుండం కొండ ఎక్కగలదా?

కిటికీ సీటు:
మా అత్తయ్యగారిని తీసుకుని ఈ వైపంతా తిరిగాను కాబట్టి చెప్తాను.

భోజనం హోటళ్లు నరసన్నపేట, టెక్కలి, పలాస, శ్రీకాకుళంలోనే. పల్లెల్లో మధ్యాహ్నం టీ, బజ్జీ కంటే ఎక్కువ ఆశపెట్టుకోవద్దు. పొద్దున బయలుదేరేటప్పుడే పెరుగన్నం, అరటిపళ్లు కట్టుకోండి. ఎక్కడైనా చోడి (రాగి) అంబలి అమ్ముతుంటే తాగించండి, ఎండవేళ ఒంటికి హాయిగా ఉంటుంది. బాత్రూం పెద్ద సమస్య, ముఖ్యంగా ఆడవాళ్లకు. హైవే మీద పెట్రోలు బంకుల్లో ఆగి లోపలికి తిరగండి. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, అందుకని గుడి పొద్దున, ఏరూ సముద్రం సాయంత్రం. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోను చెల్లింపులు కుదరవు.

అత్తయ్యగారు ఓ అరుగు మీద కూర్చుంటే ఎదురింటావిడ వచ్చి "ఏటమ్మా, ఎక్కడినుంచొచ్చినారు, బోంచేసినారా" అని అడిగి మజ్జిగ ఇచ్చింది. డబ్బులివ్వబోతే నొచ్చుకుంది. అలాంటప్పుడు డబ్బులు తీయకండి. ఇంట్లో పిల్లలుంటే మీ ఊరి నుంచి తెచ్చిన పూతరేకులో, పండో చేతిలో పెట్టండి.

శాలిహుండంలో కొండ ఎక్కాలి, కానీ నిటారు కాదు. ఆగి ఆగి వెళ్తే మోకాళ్ల నొప్పులున్నా కొంతమేరకు వెళ్లొచ్చు. కుదరకపోతే కింద మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూస్తూ కూర్చోవచ్చు. శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

సిక్కోలు చిన్నోడు:
పైకి వెళ్లగలిగితే మాత్రం వదలొద్దు. ఇటుక స్తూపాలు, చైత్యాల మధ్య నిలబడితే కింద వంశధార మొత్తం కనిపిస్తుంది, అవతల సముద్రం. భిక్షువులు ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ తెలుస్తుంది. రేవుకు వచ్చే ఓడ, ఏటి మీద పైకెళ్లే పడవ, రెండూ వాళ్ల కళ్ల ముందే. దిగి అక్కడి నుంచే కళింగపట్నం వెళ్లిపోండి. లైట్‌హౌస్ దగ్గర సాయంత్రం బాగుంటుంది. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లలోకి దిగకండి, పిల్లలున్నా దింపకండి. ఇసుక కదులుతుంటుంది, లాగుడు ఎక్కువ.

శ్రీకూర్మం మీ లిస్టులో ఉందో లేదో తెలియదు. అరసవల్లి నుంచి దగ్గరే. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే గుడికి రెండు ధ్వజస్తంభాలు. ప్రాకారం గోడల మీద పాత చిత్రాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. అమ్మగారికి నడక తక్కువ.

న్యూజెర్సీ నుంచి:
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా అమ్మమ్మ వాళ్లది ఆమదాలవలస. పిల్లలకు చూపించాలని ఎన్నాళ్లగానో ఉంది. మాకు డిసెంబరు కుదరదు, ఫిబ్రవరి, మార్చి అయితే వీలవుతుంది. ముఖలింగం శివరాత్రికి వస్తే మంచిదా, తర్వాత రావడం మంచిదా? పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ ఎండకు తట్టుకోలేరు.

సిక్కోలు చిన్నోడు:
శివరాత్రికి జనం వేలల్లో వస్తారు, ఒడిశా నుంచి కూడా. ఉత్సవాల చివర వంశధారలో చక్రతీర్థ స్నానాలు జరుగుతాయి. తిరునాళ్ల చూపించాలంటే అదే సమయం. బొమ్మలు, జీళ్లు, రంగులరాట్నాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. కానీ ఆ రోజు శిల్పాలు చూడడం, గోలెం కథ నింపాదిగా వినడం కుదరదు. వీలైతే పండగకు ఓ వారం ముందు రండి. ఎండ ఇంకా ముదరదు, కొట్లు అప్పటికే వేయడం మొదలుపెడతారు.

ఆమదాలవలస అన్నారు కాబట్టి ఇంకోటి. మీ అమ్మమ్మగారి మండలంలోనే దన్ననపేట ఉంది, అక్కడ చరిత్రకు ముందు కాలం నాటి రాతి సమాధి. కింద చిన్న రాళ్ల మీద ఒకే ఒక్క పెద్ద బండ. చేను మధ్యలో ఉంటుంది, పైరు ఉన్నప్పుడు గట్టు మీదుగానే నడవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నదే ఆమదాలవలసలో, కాబట్టి రైలు దిగిన రోజే చూసేయొచ్చు. దారి గూగుల్ కంటే ఊళ్లో ఎవరినైనా అడిగితే సరిగా చెప్తారు.

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. వరస ఇలా అనుకున్నాం: ముందు పొందూరు, శ్రీకూర్మం. తర్వాత ముఖలింగానికి రోజంతా. ఆ తర్వాత శాలిహుండం, కళింగపట్నం. చివర్లో తేలినీలాపురం చూసుకుని బారువ. గుణుపూరు రైలు నాన్నగారు, నేను మాత్రమే ఎక్కుతాం, ఆ రోజు అమ్మ నరసన్నపేటలో విశ్రాంతి తీసుకుంటుంది. ఒకటే సందేహం మిగిలింది. పర్వతాలపేటలో పంతులు గారి ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా అని నాన్నగారు అడుగుతున్నారు.

పాత పుస్తకం:
పెద్ద స్మారక భవనం ఉంటుందనుకుని వెళ్లొద్దని చెప్పండి. అది మామూలు పల్లె. ముఖలింగం గుడి దగ్గర ఎవరినడిగినా దారి చూపిస్తారు. ఊళ్లో బడి తెరిచి ఉన్న రోజు వెళ్లండి. పిల్లలకు పంతులు గారి గురించి నాలుగు మాటలు చెప్తానని మాస్టారు గారు హెడ్మాస్టరును అడిగితే కాదనరని నా నమ్మకం.